బోరిస్ గొదునోవ్ నిజంగా ఆ పిల్లాడిని చంపించి జార్ అయ్యాడా? కొంచెం పెద్ద సమాధానం

మీరు అడిగినవి మూడు. రాజవంశంలో పుట్టని బోరిస్ గొదునోవ్ రష్యాకి జార్ ఎలా అయ్యాడు, ఉగ్లిచ్ అనే ఊళ్లో ఎనిమిదేళ్ల రాకుమారుడు ద్మిత్రిని చంపించాడన్నది నిజమేనా, అంత తెలివైనవాడైతే ఏడేళ్లకే ఎందుకు కుప్పకూలాడు అని. కింద చాలామంది "హంతకుడు, అనుభవించాడు" అని ఒక్క ముక్కలో తేల్చేసారు. నాకు రష్యన్ చదవడం వచ్చు, కాలేజీలో యూరప్ చరిత్ర చెప్పిన రోజుల నుంచీ ఈ మనిషి మీద ఆసక్తి ఉంది, అందుకని తీరిగ్గా రాస్తున్నా, ఓపిక ఉంటేనే చదవండి.

ముందే నా మాట చెప్పేస్తా. చంపించాడనడానికి నిలబడే సాక్ష్యం లేదు. ఆ నేరాన్ని ఆయన నెత్తిన అధికారికంగా పెట్టిన మనిషి అదే చావు గురించి మూడు సందర్భాల్లో మూడు రకాలుగా చెప్పినవాడు. బోరిస్‌ని కూల్చింది ఆ పిల్లాడి నెత్తురు కాదండీ, ఆయన నలుగురు కూర్చుని ఎన్నుకున్న జార్ కావడం. పుట్టుకతో వచ్చిన జార్ ఎంత దుర్మార్గుడైనా జనం "దేవుడిచ్చిన రాజు" అని ఊరుకున్నారు, ఎన్నికైనవాడికి మాత్రం పంట పోతే సింహాసనమూ పోయింది.

(తేదీలన్నీ అప్పటి రష్యా పాత క్యాలెండర్ ప్రకారం రాస్తున్నా, వేరే చోట 10 రోజులు తేడాగా కనిపిస్తే కంగారు పడకండి.)

బోరిస్ పుట్టింది 1552 ప్రాంతంలో. కోస్త్రొమా వైపు మధ్యరకం సేవక కుటుంబం, మరీ బీదవాళ్లు కాదు కానీ పెద్ద ప్రిన్సుల వరసలో కూర్చునే స్థాయి లేదు. తండ్రి పోయాక బాబాయి ద్మిత్రి గొదునోవ్ బోరిస్‌ని, చెల్లెలు ఇరీనాని తన దగ్గర పెట్టుకుని పెంచాడు. ఈ బాబాయి చేసే ఉద్యోగమే అసలు పాయింటు, ఆయన ఇవాన్ 4 గారి పడకగది వ్యవహారాలు చూసే శాఖకి అధికారి, జార్ నిద్రపోయే గదికి కాపలా ఎవరు, పక్క ఎవరు వేస్తారు అన్నీ ఆయన చేతిలో. అంటే ఈ అన్నాచెల్లెళ్లు పెరిగిందే రాజు గుమ్మం ముందు. ఇవాన్ అంటే మనం "ఇవాన్ ది టెర్రిబుల్" అని చదువుకున్నవాడే, 1565 నుంచి 1572 దాకా ఒప్రీచ్నినా అని ప్రత్యేక దళం పెట్టి సొంత దేశం మీదే పడ్డవాడు. ఆ దళంలో అందరికన్నా ఎక్కువ భయపెట్టిన మనిషి మల్యూతా స్కురాతోవ్, మన బోరిస్ పెళ్లి చేసుకుంది ఆయన కూతురు మరియానే. పిల్లనిచ్చిన మామ అలాంటివాడైతే ఆ రోజుల్లో ఇంటికి పహారా అక్కర్లేదు.

తర్వాత 1580 ప్రాంతంలో ఇరీనాని ఇవాన్ చిన్న కొడుకు ఫ్యోదోర్‌కిచ్చి చేసారు, బోరిస్‌కి బోయార్ హోదా వచ్చింది (బోయార్లంటే అక్కడి పై వరస దొరలు). అప్పటికి ఇదేం గొప్ప సంబంధం కాదు, ఎందుకంటే ఫ్యోదోర్ గద్దె ఎక్కే వరసలో లేడు, అన్న ఇవాన్ ఉన్నాడు. 1581 నవంబర్‌లో తండ్రి కోపంలో కర్రతో కొట్టిన దెబ్బకి ఆ అన్న చనిపోయాడు. అడ్డంపడబోయి బోరిస్ కూడా దెబ్బలు తిన్నాడని ఒక కథనం ఉంది. ఏమైతేనేం, ఒక్క దెబ్బతో బోరిస్ బావగారు వారసుడైపోయాడు.

1584 మార్చి 18న ఇవాన్ చదరంగం బల్ల ముందు కూర్చుని పావులు సర్దుకుంటూ కూలిపోయి పోయాడు. ఫ్యోదోర్ జార్ అయ్యాడు. ఫ్యోదోర్ ఎలాంటివాడంటే భక్తిపరుడు, మెత్తనివాడు, గుడికెళ్లి గంటలు మోగించడం అంటే ప్రాణం, రాజ్యం మాట ఎత్తితే విసుగు. చుట్టూ పెద్దలు నలుగురైదుగురు, మేనమామ నికితా రొమానోవిచ్, ఇవాన్ మ్స్తిస్లావ్‌స్కీ, ఇవాన్ షూయిస్కీ, బొగ్దాన్ బెల్‌స్కీ. బెల్‌స్కీని మొదటి ఏడాదే మాస్కో నుంచి సాగనంపేసారు, మ్స్తిస్లావ్‌స్కీని 1585లో సన్యాసుల్లో కలిపేసారు, నికితా పెద్దాయన జబ్బుపడి 1586లో పోయాడు. మిగిలింది షూయిస్కీలు.

షూయిస్కీలు రూరిక్ వంశం కొమ్మ, అంటే రాచరక్తం, వాళ్ల దృష్టిలో గొదునోవ్ నిన్నగాక మొన్న వచ్చినవాడు. వాళ్లు వేసిన ఎత్తు చూడండి. ఇరీనాకి పిల్లలు నిలవట్లేదు కాబట్టి ఆమెకి విడాకులిచ్చి జార్ ఇంకో పెళ్లి చేసుకోవాలి అని మాస్కో వర్తకుల్ని, చర్చి పెద్ద దియొనీసీని కూడగట్టి అర్జీ పెట్టించారు. ఆ అర్జీ నెగ్గితే బోరిస్ పని అక్కడితో అయిపోయేది. కానీ ఫ్యోదోర్ అన్నిట్లో మెత్తనే గానీ భార్య విషయంలో కాదు, ససేమిరా అన్నాడు. దియొనీసీ పదవి పోయింది, ఆ చోటులో యోవ్ అనే బోరిస్ మనిషి వచ్చాడు, షూయిస్కీలు ఊళ్లు పట్టారు, ఇవాన్ షూయిస్కీ 1588లో మఠంలో చచ్చిపోయాడు, అది మామూలు చావు కాదని అప్పుడే అందరికీ తెలుసు. ఆ రకంగా బోరిస్ చేతులు శుభ్రం అని నేను అనట్లేదు, అది గుర్తు పెట్టుకోండి.

మనవాళ్లు "బావమరిది బతక కోరును, దాయాది చావ కోరును" అంటారు కదా, బోరిస్ పరిస్థితి అచ్చం అదే. ఆయన అధికారం మొత్తం ఫ్యోదోర్ ఊపిరి మీద, ఇరీనా కడుపు మీద ఆధారపడి ఉంది. ఉగ్లిచ్ సంగతి చదివేటప్పుడు దీన్ని పక్కన పెట్టుకుని చదవాలి.

ఫ్యోదోర్ పేరు మీద బోరిస్ నడిపిన 13 ఏళ్ల గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు, నాకైతే ఆయన అసలు పాలన అదే అనిపిస్తుంది. వోల్గా నది మీద సమారా 1586, త్సారీత్సిన్ 1589, సరాతోవ్ 1590, వరసగా కోటలు. సైబీరియాలో త్యుమెన్ 1586, తొబోల్‌స్క్ 1587. ఈ త్సారీత్సినే తర్వాత స్టాలిన్‌గ్రాడ్ అయింది. స్వీడన్‌తో యుద్ధం చేసి ఇవాన్ పోగొట్టిన ఇవాన్‌గొరోద్, యామ్, కొపోర్యే, కొరేలా 1595 సంధిలో వెనక్కి తెచ్చుకున్నారు. ఫ్యోదోర్ కోన్ అనే మేస్త్రీ మాస్కో చుట్టూ తెల్లగోడ కట్టాడు, ఆ తర్వాత స్మొలెన్‌స్క్‌లో ఆరున్నర కిలోమీటర్ల గోడ, 38 బురుజులు, 1596లో మొదలై 1602కి పూర్తయింది. ఆ గోడ ఏపాటి గట్టిదంటే 1609లో పోలండ్ రాజు వచ్చి కూర్చుంటే పట్టుకోడానికి 20 నెలలు పట్టింది, అప్పటికి కట్టించినవాడు పోయి నాలుగేళ్లు.

చర్చి విషయంలో చేసింది ఇంకా గడుసుపని. 1588లో కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ (చర్చికి అందరికన్నా పైనుండే పెద్ద) యెరెమియా చందాల కోసం మాస్కో వచ్చాడు, తురకల రాజ్యంలో ఉన్న చర్చి కదా, నిండా అప్పులు. బోరిస్ ఆయన్ని బ్రహ్మాండంగా మర్యాద చేసి నెలల తరబడి కదలనివ్వలేదు, విడిదిల్లే జైలు. చివరికి పెద్దాయన విసిగిపోయి మాస్కోకి సొంత పాట్రియార్క్ పదవి ఒప్పుకుని 1589 జనవరి 26న యోవ్‌ని తనే ఆ పీఠం మీద కూర్చోబెట్టాడు, కానుకలు తీసుకుని వెళ్లిపోయాడు. రష్యాకి మొదటి పాట్రియార్క్ బోరిస్ మనిషి. తొమ్మిదేళ్ల తర్వాత ఈ యోవే బోరిస్‌ని జార్‌గా ఎన్నుకోమని జనాన్ని నడిపిస్తాడు.

ఇక ఉగ్లిచ్. ద్మిత్రి ఇవాన్ గారి ఆఖరి భార్య మరియా నగాయా కొడుకు. మూడో పెళ్లి దాటితే చర్చి ఒప్పుకోదు, ఇదేమో ఆరోదో ఏడోదో లెక్క, కాబట్టి పద్ధతి ప్రకారం ఆ పిల్లాడి వారసత్వమే ప్రశ్నార్థకం. తల్లినీ కొడుకునీ నగోయ్ బంధువులతో సహా ఉగ్లిచ్ పంపేసి, వాళ్ల మీద లెక్కలు చూడటానికి మిఖైల్ బిత్యగోవ్‌స్కీ అనే మాస్కో అధికారిని పెట్టారు. డబ్బుల దగ్గర నగోయ్‌లకీ ఆయనకీ రోజూ గొడవే.

1591 మే 15, శనివారం మధ్యాహ్నం. పిల్లాడికి ఎనిమిదిన్నరేళ్లు. తల్లి భోజనానికి లోపల ఉంది, వాడు పెరట్లో నలుగురు పిల్లలతో కత్తిని నేలకి గుచ్చే ఆట ఆడుతున్నాడు, పక్కన ఆయమ్మ వసిలీసా వొలోహోవా, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. ఉన్నట్టుండి కేకలు, పిల్లాడు గొంతులో గాయంతో నేల మీద. తల్లి పరుగెత్తుకొచ్చి అక్కడున్న కట్టె తీసుకుని ఆయమ్మని తల మీద బాదుతూ "నీ కొడుకు ఒసీప్, బిత్యగోవ్‌స్కీ కొడుకు, కచలోవ్ కలిసి చంపారు" అని అరవడం మొదలుపెట్టింది. ప్రమాద ఘంట మోగించారు, ఊరంతా వచ్చింది, బిత్యగోవ్‌స్కీ, ఆయన కొడుకు, ఒసీప్, కచలోవ్ అందర్నీ కొట్టి చంపేసారు, మొత్తం పదిహేను మంది దాకా పోయారు. విచారణ చెయ్యాల్సిన అనుమానితుల్లో ఒక్కడూ మిగల్లేదన్నమాట.

మే 19 సాయంత్రం మాస్కో నుంచి విచారణ సంఘం దిగింది. పెద్ద ఎవరో తెలుసా, వసీలీ షూయిస్కీ. అప్పుడే ప్రవాసం నుంచి తిరిగొచ్చిన, బోరిస్ అంటే ఒళ్లు మండే కుటుంబం మనిషి. ఆ విచారణ రికార్డు ఇప్పటికీ ఉంది, మొదట్లో కొన్ని పేజీలు పోయాయి గానీ చాలావరకు చదవొచ్చు. ఆ నలుగురు పిల్లల మాట ఒకటే, ఆడుతుంటే జబ్బు వచ్చింది, కత్తి చేతిలో ఉండగానే కొట్టుకున్నాడు అని. జబ్బు అంటే మూర్ఛ, అంతకుముందు కూడా వచ్చేదని, ఫిట్స్‌లో పట్టుకోబోయినవాళ్ల చేతులు కొరికేవాడని చాలామంది సాక్షులు చెప్పారు. నాకు ఆ రికార్డులో అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఊరి గుమాస్తా రుసీన్ రకోవ్ వాంగ్మూలం. సంఘం వస్తోందని తెలిసి, రాకుమారుడి మేనమామ మిఖైల్ నగోయ్ తనచేత కత్తులు, ఒక ఇనుప గుదియ తెప్పించి, కోడిని కోయించి ఆ నెత్తురు పూయించి, చచ్చినవాళ్ల శవాల మీద పెట్టించాడని రకోవ్ ఒప్పుకున్నాడు. నిజంగా వాళ్లే హంతకులైతే కోడి నెత్తురుతో పనేముంది చెప్పండి.

రికార్డు బోరిస్‌కి అనుకూలంగా వండి ఉండొచ్చు కదా అంటారు. ఉండొచ్చు, అధికారంలో ఉన్నవాడి విచారణే కదా. కానీ లాభం వైపు నుంచి చూడండి. 1591లో ఫ్యోదోర్ వయసు 33, ఆ పై ఏడాదే, 1592లో, ఇరీనాకి ఫియోదోసియా అనే ఆడపిల్ల పుట్టింది (రెండేళ్లు నిండకుండానే పోయింది పాపం). రేపో మాపో చెల్లెలికి కొడుకు పుట్టే అవకాశం ఉన్నప్పుడు, రాజ్యం అంతా ఇప్పటికే చేతిలో ఉన్నప్పుడు, పట్టపగలు, అమ్మ, ఆయమ్మల కళ్లముందు లాంటి చోట, ఊరు తిరగబడేలా చంపించేంత మొద్దు కాదు బోరిస్. ఫ్యోదోర్ పోయాక 1598లో జరిగి ఉంటే నేను కూడా అనుమానించేవాణ్ణి.

ఉగ్లిచ్ మీద మాత్రం కసి తీర్చుకున్నారు. తల్లిని మార్ఫా అని పేరుమార్చి సన్యాసినిని చేసారు, నగోయ్‌లు జైలుకి, ఊరి కుటుంబాలు కొన్ని సైబీరియాలో పెలీమ్ అనే చోటుకి. ఆ ఘంటని కూడా వదల్లేదు, నాలుక పీకి, చెవి కోసి, కొరడా దెబ్బలు కొట్టి తొబోల్‌స్క్‌కి పంపించారు. అది మళ్లీ ఉగ్లిచ్‌కి వచ్చింది 1892లో.

ఇప్పుడు ఆ వసీలీ షూయిస్కీ గారి మాటలు వరసగా చూడండి, కథంతా ఇక్కడే ఉంది. 1591లో ఆయన తీర్పు: పిల్లాడు ఫిట్స్‌లో తనని తనే పొడుచుకున్నాడు. 1605లో "నేనే ఆ ద్మిత్రిని" అంటూ లేచిన దొంగ ద్మిత్రి మాస్కో గుమ్మంలోకి వచ్చేసరికి జనం ముందుకొచ్చి: అసలు రాకుమారుడు తప్పించుకున్నాడు, పాతిపెట్టింది వేరే పిల్లాణ్ణి. 1606లో ఆ దొంగ ద్మిత్రిని చంపి తనే జార్ అయ్యాక: రాకుమారుణ్ణి బోరిస్ గొదునోవ్ చంపించాడు, ఆయన అమరవీరుడు. ఆ మూడోది ఎందుకు కావాల్సి వచ్చిందంటే, ప్రమాదంలో ఆత్మహత్యలాగా పోయినవాడిని సెయింట్ చెయ్యలేరు, సెయింట్ చెయ్యకపోతే "ద్మిత్రి బతికే ఉన్నాడు" అంటూ ఇంకో దొంగ లేస్తాడు. అందుకని ఉగ్లిచ్ సమాధి తవ్వి అస్థికలు మాస్కోకి తెచ్చారు, శవం చేతిలో నెత్తుటి మరకలున్న హేజల్ కాయలు దొరికాయని చూపించారు. అంటే కత్తితో ఆడట్లేదు, కాయలు తింటున్నాడు, చూసారా అని. పదిహేనేళ్ల తర్వాత సమాధిలో కాయలు. తవ్వి తీసుకురాడానికి ఉగ్లిచ్ వెళ్లిన బృందానికి పెద్ద ఫిలారెట్, ఆయనెవరో కాసేపట్లో చెప్తా.

సరే, జార్ ఎలా అయ్యాడు. 1598 జనవరి 7న ఫ్యోదోర్ పోయాడు, పిల్లల్లేరు, 700 ఏళ్ల పైన నడిచిన రూరిక్ గద్దె ఖాళీ. ఇరీనాకి ప్రమాణం చేయించారు గానీ ఆమె కొద్ది రోజులకే నోవొదేవిచీ మఠంలో సన్యాసం పుచ్చుకుంది. బోరిస్ కూడా చెల్లెలి వెనకే మఠానికెళ్లి తలుపేసుకుని నాకొద్దు అని కూర్చున్నాడు. బోయార్లు క్రెమ్లిన్‌లో కొట్టుకుంటూ ఒక పేరు మీదికి రాలేకపోయారు. ఫిబ్రవరి 17న పాట్రియార్క్ యోవ్ జెమ్‌స్కీ సొబోర్, అంటే అన్ని వర్గాల సభ, పిలిచి బోరిస్ పేరు ఖాయం చేయించాడు. ఫిబ్రవరి 21న వ్లదీమిర్ మేరీమాత పటం పట్టుకుని జనాన్ని వెంటేసుకుని మఠానికి ఊరేగింపుగా వెళ్లారు. శత్రువులు రాసిన వృత్తాంతాల్లో ఏముంటుందంటే, జనాన్ని తోలుకొచ్చారు, ఏడవమన్నారు, కన్నీళ్లు రానివాళ్లు ఉమ్మి తీసి కళ్లకి రాసుకున్నారు అని. అబద్ధమే అయినా చదవడానికి భలే ఉంటుంది, మన దగ్గర మీటింగులకి లారీల్లో జనాన్ని తోలడం చూసినవాళ్లకి అసలు వింతగా అనిపించదు.

ఒప్పుకున్నాక కూడా వెంటనే పట్టాభిషేకం చేసుకోలేదు. క్రిమియా ఖాన్ వస్తున్నాడని పెద్ద సైన్యంతో సేర్పుహోవ్ దగ్గర ఓకా నది ఒడ్డున దిగాడు. ఖాన్ రాలేదు, రాయబారులు వచ్చారు, ఒక్క బాణం పడలేదు. ఈలోపు సైన్యం మొత్తానికి వారాల తరబడి విందులు, జీతాలు, బహుమానాలు. బోయార్లంతా ఆయన కింద సైనికులుగా నిలబడాల్సి వచ్చింది, ఇంక ఎన్నికని ఎవరు ప్రశ్నిస్తారు? నా ఉద్దేశంలో ఆయన రాజకీయ జీవితంలో ఇదే బెస్ట్ ఎత్తు. సెప్టెంబర్‌లో కిరీటం పెట్టుకున్నాడు, ఆ వేడుకలో చొక్కా కాలర్ పట్టుకుని ఈ ఆఖరి చొక్కా కూడా అందరితో పంచుకుంటా, నా రాజ్యంలో బీదవాడు ఉండడు అన్నాడని చెప్తారు.

కానీ భయం అప్పటికే ఉంది. జనంతో చేయించిన ప్రమాణ పత్రం చదివితే తెలిసిపోతుంది. జార్‌కి తిండిలో, బట్టల్లో, మూలికలతో, మంత్రాలతో హాని చెయ్యం అని, సిమియోన్ బెక్‌బులాతొవిచ్‌ని జార్‌గా కోరుకోం అని పేరు పెట్టి మరీ ప్రమాణం. ఈ సిమియోన్ బాప్తిస్మం తీసుకున్న చెంగిజ్ ఖాన్ వంశపు తాతారు, ఇవాన్ ఒకప్పుడు సరదాకో ఇంకెందుకో ఓ ఏడాది గద్దె మీద కూర్చోబెట్టి దించేసాడు. ఆ ముసలాయనకి కూడా భయపడాల్సి వచ్చిందంటే చూడండి. ఇవాన్ వేలమందిని చంపి కూడా ఇలాంటి కాగితం రాయించుకోలేదు, అవసరం లేదు కాబట్టి.

మొదటి రెండు మూడేళ్లు బానే నడిచింది. ఏడాది పాటు పన్నులు తగ్గించాడు, కుర్రాళ్లని చదువుకోమని ఇంగ్లండుకి, జర్మన్ ఊళ్లకి పంపించాడు (దాదాపు ఎవడూ తిరిగిరాలేదు, ఇంగ్లండు వెళ్లినవాళ్లలో ఒకడు అక్కడే చర్చిలో పాస్టర్‌గా స్థిరపడ్డాడు, విదేశీ చదువుల కథ అప్పుడూ ఇంతే). క్రెమ్లిన్‌లో ఇవాన్ మహా గంటస్తంభాన్ని 1600లో 81 మీటర్ల దాకా లేపి, పైన బంగారు అక్షరాలతో తన పేరు, కొడుకు ఫ్యోదోర్ పేరు వేయించాడు. కూతురు క్సేనియాకి యూరప్ రాచ సంబంధం కోసం తెగ తిరిగాడు. స్వీడన్ నుంచి ఒకడొస్తే ఉంపుడుగత్తెని వదలనన్నాడు, డెన్మార్క్ రాజు తమ్ముడు యొహాన్ వచ్చి అందరికీ నచ్చి, 1602లో పెళ్లికి ముందే జ్వరంతో చచ్చిపోయాడు. దానికి కూడా బోరిసే విషం పెట్టాడన్నారు. సొంత కాబోయే అల్లుడికి! ఆయన మీద జనం ఎంతదాకా నమ్మడానికి సిద్ధపడ్డారో అదొక్కటే చాలు.

రొమానోవ్‌లని తొక్కడం మాత్రం ఆయన సొంతంగా చేసుకున్న పాపం. నికితా రొమానోవిచ్ కొడుకులు ఫ్యోదోర్ జార్‌కి మేనమామ పిల్లలు, జనంలో మంచి పేరు. 1600 చివర్లో వాళ్లింట్లో పనిచేసే బర్తెనెవ్ అనేవాడు వచ్చి అలెక్సాందర్ రొమానోవ్ కొట్టులో విషపు వేర్లున్నాయని చెప్పాడు. సోదా చేసారు, సంచులు దొరికాయి. పెద్దవాడు ఫ్యోదోర్ నికీతిచ్‌ని బలవంతంగా సన్యాసిని చేసి ఉత్తరాన మఠంలో పడేసారు, పేరు ఫిలారెట్. ఇందాక చెప్పిన ఫిలారెట్ ఈయనే. భార్యని కూడా సన్యాసినిని చేసి వేరే దిక్కుకి, నాలుగేళ్ల కొడుకు మిహాయిల్‌ని బెలోఒజెరోకి మేనత్తతో. తమ్ముళ్లలో ముగ్గురు ప్రవాసంలోనే పోయారు, ఒకణ్ణి నీరోబ్ అనే ఊళ్లో గోతిలో గొలుసులేసి ఉంచారు. అప్పటి నుంచి యజమానుల మీద చాడీలు చెప్పే పనివాళ్లకి బహుమానాలు ఇవ్వడం మామూలైపోయింది, ఏ దొరా ఇంట్లో పొయ్యి దగ్గర మాట్లాడాలన్నా భయమే.

దాని వెంటే కరువు. 1600 ఫిబ్రవరిలో పెరూ దేశంలో వయ్‌నపుతినా అనే అగ్నిపర్వతం పేలింది, ఆ బూడిద, గంధకం ఆకాశమంతా కమ్మి 1601 వేసవి ఉత్తరార్ధగోళం మొత్తం చల్లబడిపోయింది. మాస్కోలో ఎవరికి తెలుసు ఆ సంగతి. వాళ్లకి తెలిసిందల్లా వారాల తరబడి ఆగని వాన, ఆగస్టులోనే మంచు, పాలు పట్టని కంకి. 1602లో కుళ్లిన విత్తనమే మళ్లీ వేసారు, అది మొలవలేదు, 1603కి విత్తనమే లేదు. ధాన్యం ధర పదుల రెట్లు అయింది. బోరిస్ ఏమీ చెయ్యలేదా అంటే చాలా చేసాడు, గాదెలు తెరిచాడు, ధరలకి హద్దు పెట్టాడు, మాస్కోలో రోజూ డబ్బులు పంచాడు, కట్టడం పనులు పెట్టి కూలి ఇచ్చాడు. కానీ డబ్బులు పంచుతున్నారని దేశం నలుమూలల నుంచి జనం మాస్కోకి నడిచొచ్చారు, వచ్చేసరికి ఆ నాణేలతో కొనడానికి రొట్టె లేదు, మఠాలూ దొరలూ ధాన్యం దాచుకున్నారు. మాస్కోలోనే 1,27,000 శవాలు పాతారని అప్పటి సన్యాసి అవ్రామీ పాలీత్సిన్ లెక్క. మేపలేక దొరలు పనివాళ్లని గెంటేసారు, వాళ్లు దారులు కాసారు, 1603లో ఖ్లోప్కో అనేవాడి ముఠా మాస్కో దగ్గరే సర్కారు సేనాని ఇవాన్ బస్మానోవ్‌ని చంపేదాకా వచ్చింది.

ఇక్కడే పాయింటు. ఇవాన్ కాలంలోనూ కరువులొచ్చాయి, తెగులొచ్చింది, తాతార్లు మాస్కోనే తగలబెట్టారు 1571లో. జనం అది మా పాపం అనుకున్నారు. 1601లో మాత్రం ఇది జార్ పాపం అన్నారు, మనం ఎన్నుకున్నవాణ్ణి దేవుడు ఒప్పుకోలేదు అన్నారు. ఉగ్లిచ్ పుకారుకి నిజంగా ప్రాణం వచ్చింది ఆ ఆకలి ఏళ్లలో అని నేననుకుంటాను.

ఆ గాలికి లేచినవాడే దొంగ ద్మిత్రి. మాస్కో ప్రభుత్వం చెప్పిన ప్రకారం, చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకునే ప్రకారం కూడా, వీడు గ్రిగోరీ ఒత్రేప్యెవ్, గాలిచ్ వైపు చిన్న సేవక కుటుంబం, రొమానోవ్‌ల ఇంట్లో పనిచేసి వాళ్లు కూలాక సన్యాసి వేషం వేసి క్రెమ్లిన్‌లోనే చూదోవ్ మఠంలో చేరినవాడు. 1602లో లిథువేనియాకి పారిపోయాడు, అక్కడ ఆదం విష్ణెవెత్‌స్కీ అనే ప్రిన్స్ దగ్గర నేను ఇవాన్ కొడుకుని అన్నాడు, అప్పుల్లో ఉన్న యెజీ మ్నిషెక్ తన కూతురు మరీనాని ఇస్తానన్నాడు, పోలండ్ రాజు జిగ్మంట్ పైకి దూరంగా ఉంటూ లోపల సరే అన్నాడు, వీడు గుట్టుగా క్యాథలిక్ అయ్యాడు. 1604 అక్టోబర్‌లో సరిహద్దు దాటేసరికి వెంట ఉన్నది కొద్ది సైన్యమే. చెర్నీగోవ్, పుతీవ్ల్ యుద్ధం లేకుండానే తలుపులు తీసాయి. 1605 జనవరి 21న దొబ్రీనిచీ దగ్గర జార్ సైన్యం వీణ్ణి చిత్తుగా ఓడించింది కూడా. కానీ గెలిచినవాళ్లు వీడి వెంటపడకుండా, వీణ్ణి ఆదరించాయని కొమారిత్‌స్కయా ఊళ్ల మీద పడి ఆడా మగా చూడకుండా నరికారు. దాంతో అటూ ఇటూ ఊగేవాళ్లు కూడా దొంగ వైపే అయ్యారు.

బోరిస్‌కి అప్పటికే ఆరోగ్యం పోయింది. 1605 ఏప్రిల్ 13న భోజనం ముగించి లేచాక ముక్కు, చెవుల నుంచి రక్తం వచ్చి రెండు గంటల్లో పోయాడు, ఆఖరి నిమిషంలో బొగొలేప్ అని సన్యాస నామం ఇచ్చారు. కొడుకు ఫ్యోదోర్‌కి 16 ఏళ్లు, మంచి చదువు, రష్యా మ్యాపు గీసిన కుర్రాడు. సైన్యం క్రోమీ కోట ముట్టడిలో ఉంది, అక్కడికి ప్యోత్ర్ బస్మానోవ్‌ని పంపారు, పంపుతూనే ఆయన పైన తెల్యాతెవ్‌స్కీని కూర్చోబెట్టారు. వంశ హోదా దగ్గర ఇంత అవమానమా అని బస్మానోవ్ అందరి ముందు ఏడ్చాడట, మే 7న సైన్యంతో సహా దొంగ వైపు వెళ్లిపోయాడు. జూన్ 1న రెడ్ స్క్వేర్‌లో దొంగ ద్మిత్రి పంపిన ఉత్తరం చదివారు, జనం క్రెమ్లిన్ మీద పడ్డారు, జూన్ 10న ఆ కుర్రాణ్ణి, తల్లిని గొంతు నులిమి చంపి విషం తాగి చచ్చారని ప్రకటించారు. ఉగ్లిచ్‌లో పిల్లాడు ఎలా పోయాడో ఇంకా వాదించుకుంటున్నాం గానీ, ఈ పిల్లాడి విషయంలో వాదనే లేదు, ఎవరూ దీన్ని పట్టించుకోరు అంతే.

మరి ఆ ముద్ర 400 ఏళ్లుగా ఎందుకు పోలేదు అంటారా. 1606లో షూయిస్కీ ద్మిత్రిని సెయింట్ చేసాడు, 1613లో ఎవరు జార్ అయ్యారు, బెలోఒజెరోకి పంపిన ఆ పిల్లాడు మిహాయిల్ రొమానోవ్. తండ్రి ఫిలారెట్ 1619 నుంచి పాట్రియార్క్. తర్వాత 300 ఏళ్లు గద్దె వాళ్లదే. ద్మిత్రి ప్రమాదంలో పోయాడంటే చర్చి క్యాలెండర్ తప్పవుతుంది, గొదునోవ్ మంచివాడంటే రొమానోవ్‌లు చెడ్డవాళ్లవుతారు. ఎవడు రాస్తాడండీ ఆ పుస్తకం? 19వ శతాబ్దంలో నాటకాలు, ఆపెరాలు వచ్చి పిల్లాడి దెయ్యం కనిపించి వణికే బోరిస్‌ని స్టేజీ మీదికి ఎక్కించాక ఇంక చెప్పేదేముంది, మనకి తెలిసిన బోరిస్ ఆయనే.

చివరగా, ఒకరు "రైతుల్ని బానిసల్ని చేసింది బోరిసే కదా" అని అడిగారు. సగం నిజం. రైతు శరదృతువులో సెయింట్ జార్జి పండగకి అటో వారం ఇటో వారం బాకీ తీర్చి దొరని మార్చుకునే హక్కుండేది, దాన్ని "నిషేధ సంవత్సరాల" పేరుతో ఆపడం ఇవాన్ ఆఖరి రోజుల్లో మొదలైంది. 1597 నవంబర్ శాసనంలో పారిపోయిన రైతుని ఐదేళ్లలోపు వెతికి తెచ్చుకోవచ్చని పెట్టింది మాత్రం బోరిస్ నడుపుతున్న ప్రభుత్వమే. అదే బోరిస్ కరువులో 1601, 1602 శాసనాలతో కొందరు చిన్న దొరల కింది రైతులకి ఆ మారే హక్కు తాత్కాలికంగా తిరిగిచ్చాడు, 1603 ఆగస్టులో యజమాని తిండి పెట్టక గెంటేసిన పనివాళ్లు స్వేచ్ఛాపరులే అన్నాడు. వెతికే గడువు అసలే లేకుండా చేసి రైతుని నేలకి పూర్తిగా కట్టేసింది 1649 చట్టం, అది రొమానోవ్‌ల రెండో జార్ అలెక్సేయ్ కాలంలో.